బుజ్జమ్మ ఎవరు? - ఒక బర్త్ సర్టిఫికెట్ కథ

ఆఫీసులో పక్క టీము కుర్రాడొకడు పోయిన వారం నా సీటు దగ్గరికొచ్చాడు. "అన్నా, సౌదీ ప్రాజెక్టుకి పోతున్నా. సర్టిఫికెట్లకి అపోస్టిల్ చేయించమంటున్నారు. ఎక్కడ చేస్తారు, ఎంతవుతుంది?" అని అడిగాడు.

ఎక్కడ, ఎంత. అందరూ అడిగేవి ఈ రెండే. ఒకప్పుడు నేనూ ఇవే అడిగాను. వీటికంటే ముందు అడగాల్సిన ప్రశ్న ఇంకొకటి ఉందని తెలుసుకోడానికి మా ఇంట్లో నాలుగు నెలలు, బోలెడు డబ్బు, ఒక మూడేళ్ళ పిల్ల ఏడుపు ఖర్చయ్యాయి. వాడికి టీ తాగుతూ చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను. మనలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తుంది.

మా చిన్నాయన వాళ్ళది బొంగులూరు, ఇబ్రహీంపట్నం మండలం. హైదరాబాదు నుంచి సాగర్ రోడ్డు మీద పోతుంటే ఔటర్ రింగు రోడ్డు అడ్డం తగిలే చోటు. ఒకప్పుడు బొంగులూరు గేటు అంటే బస్సు ఆగే జాగా, అంతే. ఇప్పుడు అటు చూస్తే ప్లాట్ల బోర్డులు, ఇటు చూస్తే ఇంజనీరింగు కాలేజీల బస్సులు. పక్కనే ఆదిభట్లలో టీసీఎస్. 2022లో కొంగర కలాన్‌లో జిల్లా కలెక్టరేటు కూడా తెరిచారు. ఆ చుట్టుపక్కల బాగా పండే పంటలు రెండే అని మా చిన్నాయన అంటుంటాడు - భూమి కాగితాలు, చదువు కాగితాలు. రెండిటికీ ఎప్పుడో ఒకప్పుడు విదేశంతో పని పడుతుంది.

మా చెల్లె (చిన్నాయన కూతురు) పురుడు సిటీలో ఒక ఆసుపత్రిలో జరిగింది. పుట్టిన పిల్ల వివరాలు రాసుకోడానికి కాగితం పట్టుకుని సిస్టరు వచ్చేసరికి చెల్లె మత్తులో ఉంది. బావ మందుల షాపుకి పోయాడు. పక్కనున్నది మా చిన్నమ్మ ఒక్కతే. తల్లి పేరేంటని అడిగితే ఆవిడ చెప్పింది, వాళ్ళు రాసుకున్నారు. ఆ రాసుకున్నదే రిజిస్టరుకెక్కింది, సర్టిఫికెట్టుగా అచ్చయింది. తర్వాత పిల్లకి పేరు పెట్టాక ఆ పేరు చేర్పించడానికి మళ్ళీ వెళ్ళారు. అప్పుడు కూడా అందరూ పిల్ల పేరు స్పెల్లింగు చూశారే గానీ పక్క గడి చూడలేదు.

2019లో బావకి దుబాయ్‌లో ఉద్యోగం కుదురుకుంది. చెల్లెకి కూడా అక్కడే ఆఫరొచ్చింది. ఇక కాగితాల పని. "నేను చూసుకుంటా, పది రోజుల పని" అని హామీ ఇచ్చింది ఎవరనుకున్నారు? నేనే. ఇంట్లో నలుగురికీ ఆన్‌లైన్ ఫారాలు నింపేది నేనే కాబట్టి సర్టిఫికెట్ల సంగతి కూడా నాకే తెలుసని మా వాళ్ళ నమ్మకం. నిజం చెప్పాలంటే నా నమ్మకం కూడా అదే.

ఒక కాగితం దేశం దాటాలంటే ఎలా పోతుందో తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. కాగితం ఇచ్చిన ఆఫీసరు సంతకం నిజమైనదే అని రాష్ట్ర ప్రభుత్వం ముద్ర వేస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం వాళ్ళ సంతకం నిజమైనదే అని విదేశాంగ శాఖ ముద్ర వేస్తుంది. ఒకప్పుడు దీనికి ఢిల్లీ దాకా పోవాల్సి వచ్చేది. 2019 జనవరి నుంచి హైదరాబాదుతో కలిపి పదిహేను నగరాల్లో ఈ పని జరుగుతోంది. అయితే మనం నేరుగా పోయి ఇవ్వడం కుదరదు, 2012 నుంచి వాళ్ళు నియమించిన ఏజెన్సీల ద్వారానే ఇవ్వాలి. ఆ తర్వాత మన విదేశాంగ శాఖ సంతకం నిజమైనదే అని ఆ దేశపు ఎంబసీ ముద్ర. అక్కడికి చేరాక, తమ ఎంబసీ సంతకం నిజమైనదే అని వాళ్ళ విదేశాంగ శాఖ ముద్ర. కాగితం ముందు వైపు పిల్ల పుట్టిన సంగతి రెండు లైన్లుంటే, వెనక వైపంతా పెద్దవాళ్ళ సంతకాలే.

ఇన్ని చోట్లకీ నేను ఏజెంటుని పెట్టి తిప్పించాను. ప్రతి మెట్టు దాటగానే ఫోటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. ఒక్కో ముద్రకి ఒక్కో చప్పట్ల బొమ్మ. అన్ని ముద్రలూ పడ్డాయి, ఒక్కటి కూడా ఆగలేదు. ఆఖరికి పిల్ల వీసా కోసం కౌంటరు దగ్గర ఇస్తే, అక్కడ కూర్చున్న మనిషి ఆ కాగితాన్ని వెనక్కి తిప్పకముందే ముందు వైపు చదివిందట. చదివి బావని ఒకే ఒక ప్రశ్న అడిగిందట.

"బుజ్జమ్మ ఎవరు?"

బుజ్జమ్మ మా చెల్లె. పుట్టినప్పటినుంచీ ఇంట్లో పిలుపు అదే. పాస్‌పోర్టులో, పెళ్ళి సర్టిఫికెట్టులో, టెన్త్ మెమోలో ఉన్నది బడి పేరు. ఆ పేరుకీ బుజ్జమ్మకీ ఒక్క అక్షరం కూడా కలవదు. కాగితాల లెక్క ప్రకారం బావ భార్య ఒకామె, ఈ పిల్ల తల్లి ఇంకొకామె. బావ ఫోనులో ఈ సంగతి చెప్పినప్పుడు నాకు ముందు నవ్వొచ్చింది. తర్వాత కాళ్ళ కింద నేల కదిలినట్టయింది.

చిన్నమ్మని అడిగితే ఆవిడకి అసలు తప్పేంటో అర్థం కాలేదు. "అమ్మ పేరేందని అడిగింది బిడ్డా. నా బిడ్డను నేను బుజ్జమ్మ అనకపోతే ఏమంటా?" అంది. దానికి నా దగ్గర సమాధానం లేదు. ఆవిడ అబద్ధం చెప్పలేదు. ఆసుపత్రి వాళ్ళు విన్నదే రాశారు. రిజిస్ట్రారు తనకొచ్చిందే ఎక్కించాడు. తప్పు ఎవరిదైనా ఉంటే అది నాది. ఆ కాగితాన్ని నా చేతుల్తో ఎన్నిసార్లు స్కాన్ చేశానో లెక్కలేదు, ఒక్కసారి కూడా చదవలేదు. కోడ్ రివ్యూలో జూనియర్ల సెమీకోలన్లు పట్టుకునే మనిషిని!

చెల్లె వీసా అప్పటికే వచ్చింది, జాయినింగు తేదీ కూడా దగ్గర పడింది. "రెండు వారాల్లో సరిచేయించి పిల్లను పంపిస్తాం, నువ్వు పో" అన్నాం. అన్నది మళ్ళీ నేనే. రెండు వారాలు కాస్తా నాలుగు నెలలయ్యాయి. పిల్ల బొంగులూరులో చిన్నమ్మ దగ్గరే ఉండిపోయింది. శంషాబాదు వైపు పోయే విమానం కనబడితే చాలు, వాకిట్లోకి పరిగెత్తి చెయ్యూపేది. అమ్మ అందులోనే ఉందని ఎవరు చెప్పారో తెలీదు. శనివారాలు నేను వెళ్ళినప్పుడు ఆ పిల్ల ముఖం చూడలేక గేటు దగ్గరే టీ తాగుతూ కాసేపు గడిపేవాణ్ణి.

సరే, కథ పక్కన పెట్టి అసలు విషయానికొస్తాను.

అన్ని ఆఫీసులు చూసిన కాగితంలో తప్పు ఎలా దాటిపోయింది? ఎవరూ నిర్లక్ష్యం చేయలేదు. వాళ్ళ పని వాళ్ళు చక్కగా చేశారు. వాళ్ళ పని సంతకం చూడటం. కాగితంలో ఏముందో చూడటం వాళ్ళ పని కాదు. ముద్ర ఈ సంతకం ఫలానా ఆఫీసరుదేనని చెప్తుంది తప్ప ఆ ఆఫీసరు రాసిన సంగతి నిజమని చెప్పదు.

మనవాళ్ళకి ఇది చటుక్కున అర్థమయ్యే విషయం. బ్రౌజర్లో తాళం బొమ్మ ఉంటుంది చూడండి. దాని అర్థం మీరు మాట్లాడుతున్నది ఆ డొమైనుతోనే అని. ఆ సైటువాడు మంచివాడనీ కాదు, అందులో రాసింది నిజమనీ కాదు. కింద సర్టిఫికెట్టుకి పైవాడి సంతకం, పైవాడికి ఆ పైవాడి సంతకం, చివరికి మనం కళ్ళు మూసుకుని నమ్మే రూటు. ఈ ముద్రల వరస కూడా అచ్చం అంతే. ఎంత పెద్ద గొలుసైనా మొదట ఎక్కించిన డేటా తప్పైతే ఆ తప్పునే భద్రంగా, రాజముద్రలతో మోసుకుపోతుంది. బుజ్జమ్మని దుబాయ్ దాకా అలాగే మోసుకుపోయింది.

"అది గల్ఫు కాబట్టి అంత గొడవ, అపోస్టిల్ దేశమైతే తేలిక" అని కొందరంటారు. కొంతవరకు నిజమే. 1961 అక్టోబరు 5న హేగ్‌లో ఒక ఒప్పందం రాసుకున్నారు. ఇందులో ఉన్న దేశాల మధ్య ఎంబసీ ముద్రలు అక్కర్లేదు, పంపే దేశం వేసే ఒక్క అపోస్టిల్ చాలు. 1965లో అమల్లోకొచ్చింది. మన దేశానికి 2005 జులై 14 నుంచి వర్తిస్తోంది. చతురస్రం, పది నంబర్ల గడులు, పైన ఫ్రెంచిలో శీర్షిక. అదే అపోస్టిల్. మన విదేశాంగ శాఖ దానికి పెట్టిన ఫీజు కాగితానికి 50 రూపాయలు. సౌదీ 2022 డిసెంబరులో ఈ ఒప్పందంలోకి వచ్చింది, చైనా 2023 నవంబరులో, కెనడా 2024 జనవరిలో. యూఏఈ, ఖతార్, కువైట్ ఇంకా బయటే ఉన్నాయి. వాటికి పాత పద్ధతే.

కానీ ఆ పది గడుల్లో ఏముంటుందో ఒకసారి చదవండి. ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో చేశారు, ఎవరి ముద్ర ఉంది. తర్వాత ధ్రువీకరించిన ఊరు, తేదీ, అధికారి, నంబరు, ముద్ర, సంతకం. విషయం గురించి ఒక్క గడి కూడా లేదు. ఒప్పందం కూడా ఆ మాటే చెప్తుంది - సంతకం అసలుదేనా, సంతకం చేసిన మనిషి హోదా ఏమిటి, ముద్ర ఎవరిది, అంతవరకే. అంటే రేపు యూఏఈ కూడా ఇందులో చేరితే రెండు ముద్రలు తగ్గుతాయి. బుజ్జమ్మ ఇంకొంచెం తొందరగా దుబాయ్ చేరుతుంది. అంతే తేడా.

ఇదే భ్రమ అటునుంచి ఇటు కూడా ఉంది. అమెరికాలో ఉన్న మనవాళ్ళు బొంగులూరు గేటు దగ్గర ప్లాటు కొనడానికో అమ్మడానికో ఇక్కడి అన్నకో బావమరిదికో పవరాఫటార్నీ పంపుతారు. నోటరీ, దానిమీద అపోస్టిల్, లేదంటే కాన్సులేటు ముద్ర. ఆ కాగితం ఇక్కడికొచ్చాక మూడు నెలల్లోపు స్టాంపు డ్యూటీ కట్టించుకోవాలి. ఇదంతా పక్కాగా జరిగిందంటే ప్లాటు కూడా పక్కా అనుకునేవాళ్ళని నేను చూశాను. ఆ ముద్ర చెప్పేది డాలస్‌లో కూర్చుని సంతకం చేసింది మీరేనని. ప్లాటు మీదేనని కాదు. జీపీఏ చేతిలో ఉన్నంతమాత్రాన హక్కు బదిలీ అయినట్టు కాదని 2011లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది కూడా. కాగితం వెనక ముద్ర చూసి ముందు వైపు చదవడం మానేయడం మన జాతీయ అలవాటు.

ఈ అలవాటు ఎక్కడినుంచి వచ్చిందో మనందరికీ తెలుసు. మా రోజుల్లో ఏ అప్లికేషన్‌కైనా జిరాక్సుల మీద గెజిటెడ్ ఆఫీసరు ఆకుపచ్చ సిరా సంతకం కావాలి. తెలిసిన జూనియర్ కాలేజీ లెక్చరరో, పశువుల డాక్టరో ఉంటే ఆ కుటుంబం అదృష్టవంతుల లెక్క. ఆయన అరుగు మీద కూర్చుని ఇరవై జిరాక్సుల మీద టపటపా కొట్టిచ్చేవాడు. ఒరిజినల్ తీసి చూసినవాణ్ణి నేనెరగను. 2014లో కేంద్ర ప్రభుత్వం 'ఎవరి కాగితం మీద వాళ్ళే సంతకం చేసుకోవచ్చు' అనే పద్ధతిని ముందుకు తెచ్చింది. ఆకాశం ఏమీ విరిగి పడలేదు. అంటే అన్నేళ్ళు ఆ ఆకుపచ్చ సంతకం కాపాడింది ఏమిటి?

అమెరికా ఇమిగ్రేషన్ వాళ్ళ పద్ధతి చూస్తే తేడా తెలుస్తుంది. గ్రీన్ కార్డుకి తెలుగులో ఉన్న బర్త్ సర్టిఫికెట్టు ఇస్తే దానికి పూర్తి ఇంగ్లీషు అనువాదం, 'నాకు రెండు భాషలూ వచ్చు, ఇది సరైన అనువాదమే' అని చేసినవాడి సంతకం అడుగుతారు. నోటరీ కూడా అడగరు. మన రూమ్మేటే చేసిపెట్టవచ్చు. కానీ ఫారం మీద అబద్ధం రాస్తే శిక్ష ఉంటుందని తెలిసే సంతకం పెడతాం. వాళ్ళు ముందు నమ్మి, ఆ తర్వాత అబద్ధం బయటపడితే వదలరు. మనం ముందు ఎవర్నీ నమ్మం, తర్వాత ఎవర్నీ పట్టుకోం. దొంగ సర్టిఫికెట్టు చేసేవాడు ముద్ర కూడా చేసుకోగలడు. ఆ నాలుగు కౌంటర్ల ముందు నిలబడేది నిజమైన కాగితం ఉన్నవాడే.

అయితే ముద్రలు పూర్తిగా ఎత్తేయాలా? నేను ఆ మాట అనడం లేదు. పరాయి దేశపు గుమాస్తాకి మన రిజిస్ట్రారు సంతకం ఎలా ఉంటుందో తెలిసే వీలు లేదు. ఎవరో ఒకరు పూచీ పడాలి. నేననేది వేరే. ఈ విషయం మాట్లాడినప్పుడల్లా మనం అడిగేది ఒకటే - ముద్రలు త్వరగా వేయండి, ఆన్‌లైన్ చేయండి, ఏజెంట్లని తీసేయండి అని. అడగాల్సింది అది కాదనిపిస్తుంది నాకు. తప్పు దిద్దుకోవడం సులువు చేయండి అని అడగాలి.

మా నాలుగు నెలలు ఎక్కడ పోయాయో లెక్క చెప్తాను. రెండోసారి ముద్రలన్నీ పడటానికి మూడు వారాలు పట్టింది. మిగతాదంతా రిజిస్టరులో ఒక్క పేరు మార్పించడానికే. బుజ్జమ్మ, మా చెల్లె ఒకరేనని నిరూపించాలి. చెల్లె దుబాయ్‌లో ఉంది. అఫిడవిట్ ఆమె ఇవ్వాలి, అంటే అక్కడి మన కాన్సులేటులో సంతకం చేయించి పంపాలి. ఆసుపత్రి పాత రికార్డు కావాలి. అందులోనూ బుజ్జమ్మే ఉంది! టెన్త్ మెమో, ఆధార్, పెళ్ళి సర్టిఫికెట్టు, పెద్దమనుషులిద్దరి సాక్ష్యం. వెళ్ళిన ప్రతిసారీ ఇంకో కాగితం. తప్పుతో ముందుకు పోవడానికి ఏ ఆఫీసూ అడ్డం రాలేదు, తప్పు దిద్దుకుంటామంటే ప్రతి ఒక్కరికీ అనుమానమే.

విచిత్రం ఏంటంటే చట్టం మాత్రం ఈ విషయంలో చాలా తెలివిగా ఉంది. జనన మరణాల నమోదు చట్టం 1969 నాటిది. అందులో 15వ సెక్షను ప్రకారం రిజిస్టరులో తప్పుంటే రిజిస్ట్రారు దిద్దవచ్చు. పాత అక్షరాన్ని కొట్టేయకూడదు, చెరపకూడదు. మార్జిన్లో సరైనది రాసి, సంతకం చేసి, తేదీ వేయాలి. ఇది చదివినప్పుడు నేను నిజంగా కుర్చీలోంచి లేచాను. పాతది ఉంచి కొత్తది పక్కన చేర్చడం, ఎవరు మార్చారు, ఎప్పుడు మార్చారు అని రాసిపెట్టడం. మనం గిట్‌లో రోజూ చేసేది ఇదే కదా! గిట్ పుట్టింది 2005లో. మన గుమాస్తా చేతిపుస్తకంలో ఆ ఊహ 1969కే ఉంది. అలాంటి పద్ధతి ఉన్నప్పుడు దిద్దడానికి భయమెందుకు? పాతదేమీ మాయం కాదు కదా. ఎవరైనా మోసం చేస్తే మార్జినే పట్టిస్తుంది.

యూరోపు వాళ్ళు ఈ దారిలో ఒక అడుగు ముందుకేశారు. 2019 ఫిబ్రవరి 16 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల మధ్య జనన, వివాహ, మరణ సర్టిఫికెట్లకి అపోస్టిల్ అక్కర్లేదు. కాగితం మీద అనుమానం వస్తే ఒక దేశపు ఆఫీసు ఇంకో దేశపు ఆఫీసుని కంప్యూటర్లోనే నేరుగా అడుగుతుంది. ముద్రల గొలుసు బదులు, మొదటి రిజిస్టరునే అడగడం. మన దగ్గర 2017లో మొదలైన ఈ-సనద్ ఆలోచన కూడా దాదాపు అదే. కాగితం ఇచ్చిన సంస్థే ఆన్‌లైన్లో అది తనదేనని ఒప్పుకుంటే, దానిమీద విదేశాంగ శాఖ ముద్ర వేస్తుంది. మంచి ఆలోచనే. కాకపోతే అది కూడా రిజిస్టరులో ఏముందో అదే చెప్తుంది. రిజిస్టరులో బుజ్జమ్మ ఉంటే బుజ్జమ్మే.

2023 అక్టోబరు 1న ఆ చట్టానికి సవరణ అమల్లోకొచ్చింది. ఆ తేదీ నుంచి పుట్టిన పిల్లలకి బడి, ఓటు, డ్రైవింగు లైసెన్సు, ఆధార్, పెళ్ళి రిజిస్ట్రేషను, ప్రభుత్వ ఉద్యోగం - అన్నిటికీ పుట్టిన తేదీ, పుట్టిన చోటు రుజువుగా బర్త్ సర్టిఫికెట్టే. మన తరానికి ఆ గొడవ లేదు. పుట్టిన తేదీ బడిలో చేర్చుకున్న సారు ఇష్టం. మా క్లాసులో సగం మంది జూన్‌లోనే ఎందుకు పుట్టారో నాకు ఇంజనీరింగు అయ్యేదాకా తోచలేదు. ఇకమీద అలా కుదరదు. అన్ని తలుపులకీ ఒకటే తాళంచెవి. మంచిదే. కానీ ఒకటే తాళంచెవి అయినప్పుడు అది సరిగ్గా అరిగిందో లేదో మొదటి వారంలోనే చూసుకోవాలి, తేడా ఉంటే సులువుగా సరిచేయించుకునే వీలుండాలి. ఆసుపత్రిలో మత్తులో ఉన్న తల్లి పక్కన నిలబడ్డ అమ్మమ్మ నోటిమాట మీద ఒక మనిషి జీవితమంతా నడవబోతోంది మరి.

పేర్ల విషయంలో మన తెలుగువాళ్ళకి ఇబ్బంది ఇంకాస్త ఎక్కువ. ఇంటిపేరు ముందా వెనకా, ఇనిషియలా పూర్తి పేరా, ఒక్కో కాగితంలో ఒక్కో రకం. 2022 నవంబరులో యూఏఈ విజిట్ వీసాలకి పాస్‌పోర్టులో ఒకే పేరుంటే ఒప్పుకోమని చెప్పినప్పుడు ఎంతమంది కంగారు పడ్డారో గుర్తుండే ఉంటుంది. ఇక మా బ్యాచ్ వాళ్ళ సంగతి సరేసరి. డిగ్రీ మీద జేఎన్‌టీయూ అని ఉంటుంది, 2008లో అది నాలుగు ముక్కలైంది. సర్టిఫికెట్లన్నిటి మీదా రంగారెడ్డి జిల్లా, ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2 నుంచి ఊరు కదలకుండానే రాష్ట్రం మారింది. విదేశపు గుమాస్తాకి ఇదంతా ఎవరు చెప్తారు?

ప్రభుత్వం ఏం చేస్తుందో తర్వాత చూద్దాం. ఈలోగా మన చేతిలో ఉన్నవి చెప్తాను.

1. ముద్రలకి ఇచ్చేముందు కాగితాన్ని గట్టిగా పైకి చదవండి. పాస్‌పోర్టు పక్కన పెట్టుకుని, ఇంకో మనిషి వింటుండగా, ఒక్కో అక్షరం. పిల్ల పేరు, తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ, ఊరు.

2. పిల్లలు పుట్టినప్పుడు ఆసుపత్రి ఫారం మీరే నింపండి. మీరు లేకపోతే పాస్‌పోర్టులో ఉన్న పేర్లు కాగితం మీద రాసి అమ్మమ్మ చేతిలో పెట్టండి. పేరు పెట్టకుండా నమోదైన పిల్లకి ఏడాదిలోపు ఫీజు లేకుండా పేరు చేర్చుకోవచ్చు. పదిహేనేళ్ళు నిండేదాకా కొంత రుసుముతో చేర్చుకోవచ్చు. వెళ్ళినప్పుడు మిగతా గడులు కూడా చూడండి.

3. తప్పు కనబడితే దేశంలో ఉన్నప్పుడే దిద్దించుకోండి. విదేశంలో కూర్చుని దిద్దించాలంటే, ఆ దిద్దే కాగితాలకి మళ్ళీ ముద్రలు కావాలి.

4. ఒరిజినల్స్‌కి దయచేసి లామినేషన్ చేయించకండి. అది వేసే చోట్ల ముద్ర పడదు. మా ఇంట్లో టెన్త్ మెమో మీదినుంచి ఆ ప్లాస్టిక్ ఊడదీసిన మధ్యాహ్నం నేను జన్మలో మర్చిపోను.

5. ఏజెంటుకి డబ్బులిచ్చేముందు ఏ ముద్రకి ప్రభుత్వ ఫీజెంతో, ఆయన ఛార్జెంతో విడివిడిగా రాసివ్వమనండి. ఆయన కాగితాన్ని తిప్పుతాడు, చదవడు. చదవాల్సింది మీరే.

ఇంతకీ మా పిల్ల సంగతి. రిజిస్టరులో మార్జిన్ ఎక్కింది. కొత్త సర్టిఫికెట్టు వచ్చిన రోజు నేను దాన్ని చిన్నమ్మ ముందు కూర్చుని రెండుసార్లు పైకి చదివాను. తల్లి పేరు దగ్గరికొచ్చేసరికి ఆవిడ, "అయితే నా బుజ్జమ్మ పేరు కొట్టేసిండ్రా?" అని అడిగింది, కాస్త బాధగానే. "లేదు చిన్నమ్మా, కొట్టెయ్యలే. అట్లనే ఉంచి పక్కన రాసిండ్రు" అన్నాను. ఆవిడకి చాలా సంతోషమైంది. ఆ తర్వాతి నెల పిల్లని నేనే విమానం ఎక్కించి, తీసుకెళ్ళి వాళ్ళమ్మకి అప్పజెప్పి వచ్చాను. విమానం లేచాక కిటికీలోంచి కిందకి చెయ్యూపింది. చిన్నమ్మ వాకిట్లో నిలబడి ఉంటుందని దాని నమ్మకం. నిజంగానే నిలబడిందట.

పక్క టీము కుర్రాడు ఇదంతా విని, "అంటే అన్నా, ఎక్కడ చేయించాలో చెప్పలేదు" అన్నాడు. చెప్తాలేరా. ముందు ఆ సర్టిఫికెట్టు బయటికి తీసి పైకి చదువు, నేను వింటాను అన్నాను. చదివాడు. తండ్రి పేరులో ఒక అక్షరం ఎక్కువుంది.